రెండు వేల గంటలు ఆడినవాడే వద్దంటున్నాడు, ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: అన్నా, మాది ఆదోని. బీకాం అయిపోయి జిన్నింగ్ మిల్లులో అకౌంట్లు రాస్తున్నా. బెంగళూరులో ఉండే మా మేనమామ కొడుకు తన పాత కంప్యూటర్ నాకిచ్చేశాడు, గ్రాఫిక్స్ కార్డుతో సహా. అంతరిక్షంలో షిప్ నడుపుతూ, ఒకచోట సరుకు కొని ఇంకోచోట అమ్ముకుంటూ, దారిలో దొంగలొస్తే కొట్లాడుతూ ఆడే ఎలీట్ డేంజరస్ కొందామని డబ్బులు పక్కన పెట్టుకున్నా. కొనేముందు ఆడినవాళ్ల అభిప్రాయాలు చదివితే తల తిరిగింది. రెండు వేల గంటలు ఆడినవాడు 'కొనొద్దు' అంటాడు. ఐదు గంటలు ఆడినవాడు 'ఇలాంటి ఆట పుట్టలేదు' అంటాడు. ఇంకొకడు 'పైకే పెద్దది, లోపల సరుకు లేదు' అంటాడు. నాకు ఫైటింగ్ కంటే వ్యాపారం ఇష్టం. రాత్రి భోజనాలయ్యాక గంటన్నర దొరుకుతుంది. మా వీధిలో నెట్ అప్పుడప్పుడూ పోతుంటుంది. అమ్మేమో 'దానికి అంతమే లేదంట గదా, ఇంక ఎప్పుడు లేస్తావు నాయనా' అని ఇప్పట్నుంచే మొదలుపెట్టింది. ఎవరి మాట నమ్మాలి? కొనాలా, వద్దా?

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే కొనొద్దు. ఆ ఆట బాగోదని కాదు. నువ్వు ఎలాంటి ఆటగాడివో నీకింకా తెలియదు. ఈ రకం ఆటల్లో అది తెలియకుండా ఎవరి అభిప్రాయం చదివినా అయోమయమే మిగులుతుంది. ముందు పైసా ఖర్చు లేకుండా అది తెలుసుకునే దారి ఒకటుంది, కిందకొచ్చాక చెబుతాను.

క్రికెట్ ఆటో కార్ల రేసో అయితే ఆడినవాళ్లందరూ దాదాపు ఒకే పని చేస్తారు. కాబట్టి వాళ్ల మాటలను పోల్చి చూడొచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఎలీట్ డేంజరస్‌లో నీకు సైడ్‌వైండర్ అనే చిన్న షిప్ ఇస్తారు, చేతిలో కొంచెం డబ్బు పెడతారు, ఇక నీ ఇష్టం పొమ్మంటారు. అందులో మన పాలపుంతను అసలు కొలతలతోనే కట్టారు. దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. ఇన్నేళ్లలో ఆటగాళ్లంతా కలిసి చూసింది అందులో ఒక్క శాతం కూడా కాదు. ఒకడు సరుకు మోస్తాడు, ఒకడు గ్రహశకలాలు తవ్వుతాడు, ఒకడు తలమీద రొక్కమున్న దొంగలను వేటాడతాడు, ఒకడు 65 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బీగిల్ పాయింట్ చేరడానికి నెలల తరబడి ఒంటరిగా పోతూనే ఉంటాడు. ఈ నలుగురూ ఒకే ఆట పేరు కింద రాస్తారు గానీ ఆడింది నాలుగు వేరువేరు ఆటలు.

ఇలా వదిలేయడం ఈ ఆటకు పుట్టుకతో వచ్చిన గుణం. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్ కోసం ఎలీట్ చేశారు. దాని మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. అంతలోనే సూత్రాలతో లెక్క కట్టి 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు పుట్టించారు. అప్పట్లో ఆటంటే మూడు లైఫ్‌లు, స్కోరు, పది నిమిషాల్లో గేమ్ ఓవర్. ఎలీట్‌లో స్కోరే లేదు. 100 క్రెడిట్లతో మొదలుపెట్టి ఏం చేసుకుంటావో నీ ఇష్టం. వ్యవసాయ గ్రహంలో తిండిగింజలు కొని పారిశ్రామిక గ్రహంలో అమ్ము, తిరుగు ప్రయాణంలో కంప్యూటర్లు ఎక్కించుకో. ఇంత లాభం చాలదనుకుంటే మత్తుపదార్థాలు మొయ్యి, పోలీసు షిప్‌లు వెంటపడితే నీ ఖర్మ. ఎలీట్ డేంజరస్ ఆ ఆటకు వారసురాలు. 2014 డిసెంబరులో బ్రాబెన్ కంపెనీయే విడుదల చేసింది.

ఇక నిన్ను తికమక పెట్టిన రెండు వేల గంటల మనిషి సంగతి. మన దగ్గర తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు కదా. అక్కడ ఏటా వచ్చి చెట్టు కింద వంట చేసుకునే మనిషిని అడుగు, 'ఇదంతా దండగ, రావొద్దు నాయనా' అంటాడు. మళ్లీ ఏడు వానకు ఆయన అక్కడే ఉంటాడు. మొదటిసారి వచ్చి మెరిసే రాయి ఏదో చూసినవాడు ఊరంతా చెప్పుకుంటాడు. ఒక పూట తిరిగి ఏమీ దొరకక బస్సెక్కి పోయినవాడు ఎవరికీ ఏమీ చెప్పడు. నువ్వు చదివిన అభిప్రాయాల్లో మొదటి ఇద్దరే ఎక్కువ. మూడోవాడి గొంతు దాదాపు వినపడదు, నీకు కావాల్సిందేమో వాడి మాట.

రెండు వేల గంటలు ఆడి వద్దనేవాడు అబద్ధం చెప్పడం లేదు. ఇష్టం లేకపోతే ఎవరూ అన్ని గంటలు కూర్చోరు. ఆట మీద అంత ప్రేమ పెట్టుకున్నాడు కాబట్టే కంపెనీ చేసే ప్రతి మార్పూ అతనికి గుచ్చుకుంటుంది. 2022లో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అనే టీవీకి తగిలించి ఆడే యంత్రాల (కన్సోళ్ల) మీద కొత్తవి చేయడం ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు ఆ కన్సోళ్ల మీద ఏళ్ల తరబడి ఆడినవాళ్ల గుండె మండింది. 2024లో కొత్త షిప్‌లను జేబులోంచి నిజమైన డబ్బు పెట్టినవాళ్లకు ముందుగా ఇవ్వడం మొదలుపెడితే ఇంకొందరికి కోపం వచ్చింది. ఆ కోపాల్లో న్యాయం ఉంది. అయితే వాటిలో ఏదీ మొదటి వంద గంటల్లో నీ దాకా రాదు. అలాంటి అభిప్రాయం చదివేటప్పుడు 'వద్దు' అన్న మాటను పక్కనపెట్టి, ఎన్నో గంటకు విసుగు మొదలైందో, ఏ పని చేస్తుంటే మొదలైందో వెతుకు. ఎనిమిది వందల గంటలు బాగా ఆడి ఆ తర్వాత విసిగాడంటే నీకది శుభవార్తే.

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ సైటులో చదువుతున్నట్టయితే కొన్ని పనిముట్లు అక్కడే ఉన్నాయి, చాలామంది వాడరు. ముందుగా, ఆ శాతం మార్కు కాదు. ఎనభై శాతం అంటే ఆటకు నూటికి ఎనభై మార్కులు వచ్చాయని అర్థం కాదు, రాసిన ప్రతి వందమందిలో ఎనభై మంది ఆడొచ్చన్నారని. ప్రతి అభిప్రాయం పక్కనా మొత్తం ఎన్ని గంటలు ఆడాడో, రాసేనాటికి ఎన్ని గంటలు ఆడాడో రెండూ ఉంటాయి. 'కొనొద్దు' అని రాసేనాటికి మూడొందల గంటలుండి, ఇప్పుడు పదిహేను వందలు కనిపిస్తే ఆ మనిషి వద్దంటూనే ఆడుతున్నాడన్నమాట. గంటలను బట్టి వడపోసే వీలు కూడా ఉంది. ఇరవై నుంచి వంద గంటల మధ్య ఆడినవాళ్లను ఏరుకుని చదువు. మొదటి మోజు దిగిపోయినా మొదటి రోజుల తిప్పలు మరిచిపోనివాళ్లు వీళ్లే. నా దృష్టిలో నీలాంటి కొత్తవాడికి పనికొచ్చే మాటల్లో ముప్పాతిక వంతు వీళ్ల దగ్గరే దొరుకుతాయి.

తేదీ కూడా చూడాలి. ఈ ఆటలు విడుదలయ్యాక ఏళ్ల తరబడి మారుతూ పోతాయి. నో మ్యాన్స్ స్కై అనే ఇంకో అంతరిక్ష ఆట 2016 ఆగస్టులో వచ్చినప్పుడు, చెప్పిందొకటి ఇచ్చిందొకటి అని జనం దుమ్మెత్తిపోశారు. చేసినవాళ్లు ఊరికే కూర్చోకుండా ఏడాదికేడాది ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చారు, 2018లో 'నెక్స్ట్' అనే పేరుతో వచ్చిన అప్‌డేట్ తర్వాత తిట్టినవాళ్లే మాట మార్చుకున్నారు. ఎలీట్ డేంజరస్‌కు ఇదే ఎదురు దిశలో జరిగింది. 2021 మేలో ఒడిస్సీ అనే విస్తరణ వచ్చింది, షిప్ దిగి కాలినడకన తిరిగే వీలిచ్చింది. కానీ మంచి కంప్యూటర్ల మీద కూడా మొరాయించింది. బ్రాబెన్ బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ నెలల్లో రాసిన తిట్లు ఆనాటి రోగం గురించినవి. వాటిని పట్టుకుని ఈనాటి ఆటను కొలవకు. అప్పటి పొగడ్తలకూ ఇదే వర్తిస్తుంది.

'పైకే పెద్దది, లోపల సరుకు లేదు' అన్న మాట మీద కాస్త ఆగాలి. ఎలీట్ డేంజరస్ గురించి అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, కొట్టిపారేయదగింది కాదు. వ్యాపారం ఇష్టమన్నావు కాబట్టి ఆ కోణంలోనే చెబుతాను. అందులో ధరలు సరఫరా, గిరాకీలను బట్టి మారతాయి. ఒక వ్యవస్థలో కరువొస్తే తిండిగింజల ధర లేస్తుంది, రోగాలు ప్రబలితే మందుల ధర లేస్తుంది. పెద్ద షిప్ కొన్నాక చిన్న అవుట్‌పోస్టుల్లో దిగలేవు, అక్కడ షిప్ దిగడానికి చిన్న, మధ్యరకం ప్యాడ్లే ఉంటాయి. దాంతో నీ దారులన్నీ మారిపోతాయి. ఇవన్నీ బాగుంటాయి. కానీ ఎంత సంపాదించినా ఆ వ్యాపారంలో లారీ డ్రైవరు, యజమాని రెండూ నువ్వే. పదిమంది డ్రైవర్లను పెట్టి పది లారీలు తిప్పడం కుదరదు. 2025లో ఖాళీ వ్యవస్థల్లో స్థావరాలు కట్టుకునే వీలిచ్చారు గానీ, వాటికి కావాల్సిన సామగ్రి మోత బరువు మళ్లీ ఆటగాళ్ల మీదే పడుతుంది.

పైగా చాలామంది విసుగును కొని తెచ్చుకుంటారు. ఇనారా అనే ఆటగాళ్ల సైటు ఉంది, ఎక్కడ కొని ఎక్కడ అమ్మితే ఎంత మిగులుతుందో అదే చెప్పేస్తుంది. మొదటి వారంలోనే దాన్ని తెరిచి, అన్నిటికన్నా లాభమిచ్చే రెండు స్టేషన్ల మధ్య గానుగెద్దులా వందసార్లు తిరిగి, వ్యాపారం బోరు అని రాస్తారు. ధర కనిపెట్టడంలోని ఆనందం మొత్తం ఆ సైటుకు అప్పజెప్పేశాక ఇంకేం మిగులుతుంది? నువ్వు లెక్కలు రాసే మనిషివి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ స్టేషన్‌లో ఏది చవకో నువ్వే రాసుకుంటూ ఆడు. ఆ సైటు జోలికి కొన్ని నెలలు పోకు. నా మాట మీద గురి ఉంటే ఈ ఒక్కటైనా విను.

ఒక రాత్రి కోపంలో రాసిన అభిప్రాయాలు కూడా బోలెడు కనిపిస్తాయి. షిప్ పేలిపోతే దాని ధరలో 5 శాతం కట్టి తిరిగి తెచ్చుకోవచ్చు, దీన్ని రీబై అంటారు. లోపలున్న సరుకు మాత్రం పోయినట్టే. ఉన్నదంతా పెట్టి పెద్ద షిప్ కొని, మిగిలిందంతా సరుకు మీద పోసి, రీబైకి డబ్బులుంచుకోకుండా బయలుదేరినవాడు మొదటి దొంగ దెబ్బకే మళ్లీ సైడ్‌వైండర్‌కు దిగుతాడు. వెంటనే పోయి 'చెత్త ఆట' అని రాస్తాడు. అందరూ కలిసి ఆడే ఓపెన్ మోడ్‌లో వేరే ఆటగాడు సరదాకి కాల్చేసినా ఇదే జరుగుతుంది. అదే ఆటలో సోలో మోడ్ ఉంది, అందులో మనుషులెవరూ ఎదురుపడరు. కొత్తలో అక్కడే ఉండు.

మనుషుల గురించి చెడ్డే చెబితే అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2015 నుంచి ఫ్యూయల్ ర్యాట్స్ అనే ఆటగాళ్ల బృందం ఒకటుంది. ఎవరైనా ఇంధనం అయిపోయి చుక్కల మధ్య నిలిచిపోతే కబురందుకుని వచ్చి, పైసా తీసుకోకుండా ఇంధనం నింపి పోతారు. ఆటలో దీనికి ఏ బహుమతీ లేదు. వాళ్లే కల్పించుకున్న పని ఇది. 'లోపల సరుకు లేదు' అన్నవాడికీ వీళ్లకీ దొరికింది ఒకే ఖాళీ. దాంట్లో వాళ్లేం నింపుకున్నారన్నది తేడా. నాకు ఈ రకం ఆటల మీద ఇంత మక్కువ ఉండటానికి అసలు కారణం వీళ్లే.

ఇప్పుడు నీ ఇంటి పరిస్థితికి వద్దాం. ఎలీట్ డేంజరస్ ఒక్కడివే ఆడుకున్నా నెట్ ఉండాల్సిందే. ఆఫ్‌లైన్‌గా ఆడొచ్చని మొదట చెప్పి, 2014 నవంబరులో కుదరదన్నారు, అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. నెట్ పోతే మెనూలోకి తోసేస్తుంది. తిరిగి వచ్చాక షిప్ ఉంటుంది గానీ, ఉన్న గంటన్నరలో మూడుసార్లు అలా జరిగితే ఎవరికైనా చిరాకే. ఇంకో సంగతి, అభిప్రాయాల్లో దీన్ని ఎవరూ రాయరు: ఆ ఆటలో పాజ్ లేదు. అమ్మ పిలిచినా ప్రయాణం సాగుతూనే ఉంటుంది.

అందుకే నీకు ఎక్స్4 అనే మరో ఆట కూడా చూపిస్తున్నాను. ఈగోసాఫ్ట్ అనే జర్మన్ కంపెనీ 2018లో విడుదల చేసింది. నెట్ అవసరం లేదు, పాజ్ ఉంది, సేవ్ చేసుకోవచ్చు. వ్యాపారం కూడా నిజంగా లోతైనది. ముడిఖనిజం శుద్ధి లోహమవుతుంది, ఆ లోహం షిప్ భాగాలవుతుంది, ఆ భాగాలు అందకపోతే షిప్‌యార్డు ఆగిపోతుంది, షిప్‌లు లేని రాజ్యం యుద్ధంలో వెనకబడుతుంది. ఈ గొలుసులో ఎక్కడ కొరత ఉందో పసిగట్టి అక్కడ నీ ఫ్యాక్టరీ కట్టుకోవచ్చు. పైలట్లను జీతానికి పెట్టుకోవచ్చు. ఎలీట్‌లో కుదరని యజమాని పని ఇక్కడ కుదురుతుంది. దీని మీదా ఫిర్యాదులున్నాయి: మొదట్లో ఏదీ అర్థం కాదు, మెనూలు గజిబిజి, షిప్ నడపడంలో ఎలీట్‌లో ఉన్నంత మజా రాదు, సామ్రాజ్యం పెరిగేకొద్దీ ప్రాసెసర్ మీద భారం పడుతుంది. ఇవన్నీ నిజాలే. పత్తి దూదై, దూది బేలై ఎక్కడికి పోతుందో రోజూ రాసే నీకు ఆ మెనూలు భయపెట్టవని నా నమ్మకం.

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆట గురించి కూడా నువ్వు చదివే ఉంటావు. 2003 నుంచి నడుస్తోంది. అక్కడ ధరలను దాదాపు పూర్తిగా మనుషులే నిర్ణయిస్తారు, జీటా అనే చోట నిజమైన సంత నడుస్తుంది, ఉచితంగా కూడా కొంతవరకు ఆడొచ్చు. వ్యాపారికి స్వర్గమే. కానీ అక్కడ మోసం చేయడం కూడా ఆటలో భాగమే, నెట్ పోయిన నిమిషంలో షిప్ పోవచ్చు. నీ వీధి నెట్‌తో ఇప్పుడు వద్దు.

మొదట్లో చెప్పిన ఉచిత దారి ఊలైట్. పాత ఎలీట్‌ను ప్రేమించినవాళ్లు కట్టి అందరికీ ఉచితంగా వదిలిన ఆట. ఎంత పాత కంప్యూటర్ అయినా లాగుతుంది, దించుకున్నాక నెట్ అక్కర్లేదు. అదే 100 క్రెడిట్లు, అదే కోబ్రా మార్క్ 3 షిప్. తిరిగే స్టేషన్ సందులోకి షిప్ దూర్చడం మొదట్లో నరకం, పట్టుదలగా నేర్చుకో. కొన్ని వారాలు ఆడి, నిద్రపోయే ముందు నీ మనసులో ఏం తిరుగుతోందో గమనించుకో. ఫలానా గ్రహంలో ఏం ధర ఉందో, రేపు ఏం ఎక్కించాలో అని ఆలోచన నడుస్తుంటే నువ్వు ఎక్స్4 మనిషివి. ఇవాళ స్టేషన్‌లోకి ఎంత నున్నగా దిగానో, ఆ దొంగ వెనక్కి షిప్‌ను ఎలా తిప్పానో అని తలుచుకుంటుంటే ఎలీట్ డేంజరస్ కొనుక్కో, నీకు డబ్బులు దండగ కావు. రెండు మూడు రోజులకే దాన్ని తెరవబుద్ధి కాకపోతే ఏదీ కొనొద్దు. అదీ మంచి జవాబే.

కొన్నా పూర్తి ధర పెట్టకు. స్టీమ్‌లో వేసవికీ, శీతాకాలానికీ సేల్ వస్తుంది, ఈ ఆటలు బాగా తగ్గుతాయి. ఎలీట్‌కు అసలు ఆట చాలు, ఒడిస్సీ తర్వాత చూసుకోవచ్చు. ఎక్స్4కూ అంతే, విస్తరణల జోలికి పోకు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే డబ్బులు వెనక్కి అడగొచ్చు. అయితే ఈ ఆటల్లో కీబోర్డు మీటలు సరిచేసుకుని, పాఠాలు చూసి, గాల్లోకి లేచేసరికే రెండు గంటలు అయిపోతాయి. అందుకని కొన్న రోజు ఆ గంటల్లో కంప్యూటర్ తట్టుకుంటోందా లేదా అన్నదొక్కటే చూడు. 'అద్భుతం' అని రాసినవాడు జాయ్‌స్టిక్ పట్టుకుని, కళ్లకు వీఆర్ అద్దాలు పెట్టుకుని కూర్చున్నాడేమో కూడా చూసుకో. నీకు ఉండేది కీబోర్డు, మౌస్. వాటితోనూ ఈ ఆటలు చక్కగా నడుస్తాయి, అనుభవం మాత్రం వేరుగా ఉంటుంది.

ఇక అమ్మ అడిగింది సరైన ప్రశ్న, కోప్పడకు. ఆటకు అంతం లేకపోతే రాత్రికి ఒక అంతం నువ్వే పెట్టాలి. సరుకు ఎక్కించుకున్నాక మధ్యలో లేవడం కష్టం, అమ్మిందాకా మనసొప్పదు. రాత్రి ఫలానా టైము దాటాక కొత్త సరుకు ఎత్తొద్దు, ఉన్నది అమ్మి, స్టేషన్‌లో దిగి, అక్కడే ఆపెయ్. ఆ టైము ఏదో అమ్మనే చెప్పమను.

నీ గ్రాఫిక్స్ కార్డు మోడల్, ప్రాసెసర్ పేరు రాయలేదు. అవి రాసి పంపు, ఎక్స్4 నీ కంప్యూటర్ లాగుతుందో లేదో చూసి చెబుతాను.